మూతలు మారాయి: పోయిన వారం పెన్నుల మీట్ గురించి ఉన్నదున్నట్టు

అందరికీ నమస్కారం.

పోయిన శని, ఆదివారాల్లో మన దుకాణం తరఫున పెట్టిన ఫౌంటెన్ పెన్నుల మీట్‌కి వచ్చినవాళ్ళకీ, రావాలనుకుని రాలేకపోయినవాళ్ళకీ కలిపి ఇది రాస్తున్నాను. ఫోటోలు చూసినవాళ్ళు "బ్రహ్మాండంగా జరిగిందటగా" అని మెసేజ్‌లు పెడుతున్నారు. ఫోటోల్లో బాగానే ఉంది. అక్కడున్నవాళ్ళకి అసలు సంగతి తెలుసు. సగం బాగుంది, సగం నా వల్ల చెడింది. ఏది ఎందుకు చెడిందో చెప్పకుండా మిమ్మల్ని రెండోసారి రమ్మనడానికి నాకు మొహం చెల్లడం లేదు.

ముందు మూతల సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ వారమంతా నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

ఇంకు బల్ల మీద 40 సీసాలు పెట్టాను. ప్రతి సీసాకీ మూత మీద తెల్ల స్టిక్కరు అంటించి పేరు రాశాను. పైనుంచి చూస్తే పేర్లన్నీ వరసగా కనిపిస్తున్నాయి, నాకు నేనే ముచ్చటపడ్డాను. తప్పంతా అక్కడే జరిగింది. నలుగురు ఒకేసారి నాలుగు మూతలు తీసి పక్కన పెడితే, ఏ మూత ఏ సీసాదో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పేరు రాయాల్సింది సీసా ఒంటి మీద. ఇన్నేళ్ళుగా ఇంకు అమ్ముతున్న మనిషికి ఇది తట్టకపోవడం ఏమిటో!

మధ్యాహ్నానికి మూతలు మారిపోయాయి. మామూలు నీలం అని రాసున్న మూత ఒక మెరుపు ఇంకు సీసా మీదకి చేరింది. ఒక పెద్దాయన వాళ్ళ నాన్నగారి పెన్ను తెచ్చారు. నల్ల ఎబొనైట్ ఒళ్ళు, లోపల రబ్బరు ట్యూబు, పక్కన లీవరు. మామూలు నీలమే కదా అని పాళీ ముంచి లీవరు ఎత్తి నింపుకున్నారు. మెరుపు ఇంకులో మెరిసేది రంగు కాదు, సన్నటి పొడి. అది నీళ్ళలో కరగదు. సీసా కదపకుండా ఉంచితే అడుక్కి దిగిపోతుంది, పైనుంచి చూస్తే మామూలు నీలంలాగే ఉంటుంది. ఆయన పెన్ను ఆ అడుగు దాకా ముంచారు. పాళీ కింద ఉండే ఫీడర్‌లో ఇంకు నడిచే గాడి వెంట్రుకంత సన్నం. పాత పెన్నుల్లో దాన్ని విప్పి కడగడం కూడా అందరివల్లా కాదు.

ఆదివారం పొద్దున ఆయన వచ్చి, మూత తీసి, నా ముందే కాగితం మీద గీశారు. గీత పడలేదు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. రెండు మాటలు అనుంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ పెన్ను నేను తీసుకున్నాను. ఎబొనైట్ అంటే రబ్బరుకి గంధకం కలిపి ఉడికించి గట్టిపరిచిన పదార్థం. దాన్ని నీళ్ళలో నానబెడితే, ముఖ్యంగా వేడినీళ్ళలో, ఆ నలుపు కాస్తా గోధుమరంగుకో పాచిరంగుకో తిరుగుతుంది. అందుకని మొత్తం ముంచే వీలు లేదు. చిన్న గాజు గ్లాసులో పాళీ మునిగేంత వరకే చల్లటి నీళ్ళు పోసి, పెన్నుని నిలబెట్టి, గంటకోసారి లీవరు ఎత్తి దించుతూ కూర్చున్నాను. ప్రతిసారీ టిష్యూ మీద నాలుగైదు బంగారు రేణువులు. నాలుగో రోజుకి టిష్యూ శుభ్రంగా వచ్చింది. మామూలు నీలం నింపి రాసి చూస్తే గీత పడింది. నిన్న నేనే వెళ్ళి ఇచ్చి వచ్చాను. రెండో మీట్‌కి వస్తానన్నారు, కానీ ఆ పెన్ను మాత్రం ఇంట్లో పెట్టి వస్తారట. నేనైనా అంతే చేస్తాను.

రెండో సంగతి ఇంకా ఇబ్బందికరం. పాళీలు సరిచేస్తానని ముందే ప్రకటించాను కదా, దానికి 14 మంది పేర్లు రాయించుకున్నారు. ఒక్కో పాళీకి తీరిగ్గా కూర్చుంటే అరగంట పడుతుంది. ఈ లెక్క నాకు తెలియనిదేం కాదు. పేరు రాసుకునేటప్పుడు ఎవరికీ కాదనలేకపోయాను, అంతే.

"పాళీ గీసుకుంటోంది" అని తెచ్చేవాటిలో చాలావాటికి రుద్దాల్సిన పనే ఉండదు. పాళీకి మధ్యలో చీలిక, దానికి అటూ ఇటూ రెండు రెక్కలు ఉంటాయి కదా. పదింతలు పెద్దగా చూపించే భూతద్దం కింద పెడితే ఒక రెక్క కొంచెం పైకి లేచి ఉంటుంది. గోటితో మెల్లగా కిందికి నొక్కి, కాగితం మీద 8 అంకె ఆకారం గీసి, మళ్ళీ చూడాలి. నాలుగైదుసార్లు అలా చేస్తే దారికి వస్తుంది. శనివారం మొదటి నాలుగు పాళీలూ అలాగే చేశాను, బాగా వచ్చాయి. ఐదోదానికి వచ్చేసరికి వెనకాల తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. టెన్షన్‌లో భూతద్దం పక్కన పెట్టి, సన్నటి పాలిష్ కాగితం మీద గబగబా రుద్దేశాను. అద్దంలా నునుపు వచ్చింది. రాయమంటే రాయదు! నునుపు హద్దు దాటితే చీలిక లోపలి అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, ఇంకు కాగితాన్ని అందుకోదు. పెన్నులవాళ్ళు దీన్ని బేబీ బాటమ్ అంటారు. పేరు ముద్దుగానే ఉంది, జబ్బే మొండిది. పాళీ కొసన ఉండే ఆ చిన్న గట్టి గుండు అరిగిందంటే మళ్ళీ రాదు. (పాళీ మీద ఇరిడియం అని చెక్కి ఉన్నా, ఈ రోజుల్లో చాలావాటి గుండులో ఇరిడియం ఉండదు. టంగ్‌స్టన్, రుథేనియం లాంటి గట్టి లోహాల మిశ్రమం ఉంటుంది.) ఆ కస్టమర్‌కి అదే రకం కొత్త పాళీ తెప్పించి నా ఖర్చుతో వేసి ఇస్తున్నాను. మిగిలిన తొమ్మిది మందీ దుకాణానికి పెన్ను తెచ్చి ఇవ్వండి, ఒక్కొక్కటిగా చేసి ఇస్తాను. డబ్బు తీసుకోను.

ఇక మూడోది. ఒక కాలేజీ అమ్మాయి మొదటిసారి వచ్చింది. మర్నాడు మెసేజ్ పెట్టింది: "బాగుందండీ, కానీ మీట్‌కి వచ్చినట్టు లేదు, షాపుకి వచ్చినట్టే ఉంది." చదివి ముందు కోపం వచ్చింది. తరవాత ఫోటోలు మళ్ళీ చూశాను. ఒక్కదాంట్లో కూడా నేను ఎవరి పెన్నూ చూస్తూ లేను. అన్నింట్లో బిల్లు రాస్తూనే ఉన్నాను.

దాచుకోవడం ఎందుకు, శనివారం అమ్మకాలు బాగా జరిగాయి. 22 మంది పేర్లు ఇస్తే 37 మంది వచ్చారు. పాతవాళ్ళు ఒకరికొకరు తెలుసు కాబట్టి ఓ మూల గుంపుగా కూర్చున్నారు. కొత్తవాళ్ళు ఎవరితో మాట్లాడాలో తెలియక అమ్మకాల బల్ల దగ్గరికి వచ్చారు, ఎందుకంటే అక్కడ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు కదా. నేనూ సంబరంగా అమ్మాను. పెన్నుల మీట్‌కి మనిషి వచ్చేది కొనడానికి కాదు. ఇంట్లో "ఎన్ని పెన్నులు కావాలి నీకు?" అని అడిగేవాళ్ళ మధ్య ఉండి ఉండి, అలా అడగని మనుషుల్ని చూడటానికి వస్తారు. ఆ గదిలో నా పని ఇద్దరు మనుషుల్ని కలిపి పక్కకి తప్పుకోవడం. నేను మధ్యలో బల్ల వేసుకుని కూర్చున్నాను.

దీపాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ హాల్లో పసుపు బల్బులు. వాటి కింద ముదురు ఆకుపచ్చా, బ్లూబ్లాకూ ఒకేలా కనిపించాయి. నలుగురు బ్లూబ్లాక్ అనుకుని కొని, మర్నాడు ఎండలో చూస్తే పచ్చగా ఉందని చెప్పారు. మూత తీసి వాడినా సరే, సీసా వెనక్కి ఇచ్చి కావలసిన రంగు తీసుకోండి.

బాగున్నవీ ఉన్నాయి, అవి చెప్పకపోతే వచ్చినవాళ్ళకి అన్యాయం.

ఆదివారం మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఒక బల్ల దగ్గర ఐదుగురం మిగిలాం. ఒకాయన ఒకే పదాన్ని వేరువేరు పాళీలతో రాద్దామన్నారు. "ఋణం" అని రాశాం. యూరప్ బ్రాడ్ (లావు) పాళీతో రాస్తే "ఋ"లో మెలికలన్నీ ఇంకుతో పూడిపోయి నల్లటి ముద్ద మిగిలింది. జపాన్ పాళీలు అదే సైజు పేరుతో ఉన్నా ఒక మెట్టు సన్నం. వాటి ఫైన్ (సన్న) పాళీతో రాస్తే ప్రతి మెలికలోనూ తెల్లదనం కనిపించింది. తరవాత స్టబ్ పాళీ తీశాం. అది నిలువు గీత లావుగా, అడ్డగీత సన్నగా వేస్తుంది. దాంతో "ర" రాస్తే గుండ్రం పక్కలు లావుగా, పైనా కిందా సన్నగా వచ్చింది. అందరం ఒక నిమిషం ఆ "ర" చుట్టూ తలలు వంచి చూశాం. పాళీల గురించి చదివే సలహాల్లో ఎక్కువభాగం ఇంగ్లీషు అక్షరాలు రాసేవాళ్ళు చెప్పినవే. వత్తులూ మెలికలూ ఉన్న మనకి ఏ పాళీ నప్పుతుందో మనమే రాసి చూసుకోవాలి. రెండో మీట్‌లో ఇదే మొదటి కార్యక్రమం. మీకు నచ్చిన కష్టమైన తెలుగు పదం ఒకటి అనుకుని రండి.

నేను నవ్వులపాలైన సంగతి కూడా చెప్పుకోవాలి. కొత్తవాళ్ళకి వాటర్‌మన్ కథ చెప్తున్నాను. ఇన్సూరెన్స్ ఏజెంటుగా ఉన్న లూయిస్ వాటర్‌మన్, సంతకం వేళ పెన్ను కక్కి కాంట్రాక్టు పాడై, ఆ బేరం ఇంకొకడు తన్నుకుపోతే, పంతం పట్టి ఫౌంటెన్ పెన్ను కనిపెట్టాడని. పక్కనుంచి ఒక కుర్రాడు, "ఆ కథకి ఆధారాలు లేవండీ. పేటెంటు 1884లో వచ్చిన మాట నిజమే. కానీ ఫౌంటెన్ పెన్నుకి పెట్రాకె పొయెనారు అనే రొమేనియన్ విద్యార్థి 1827లోనే ఫ్రాన్స్‌లో పేటెంటు తీసుకున్నాడు" అన్నాడు. ఇంటికెళ్ళి చూసుకున్నాను. కుర్రాడిదే నిజం. ఎంతమంది కస్టమర్లకి ఆ కథ చెప్పి పెన్నులు అమ్మానో లెక్కలేదు.

సరే, వచ్చే మీట్ వచ్చే నెల రెండో ఆదివారం. ఒక్క రోజే, పొద్దుటి పూట, కిటికీలున్న గదిలో. 20 మందికి మించి తీసుకోను. అందులో 6 చోట్లు మొదటిసారి వచ్చేవాళ్ళకి. పాతవాళ్ళు నా మీద అలిగినా సరే. ప్రతి బల్ల దగ్గరా ఒక పాత చెయ్యి, ఒక కొత్త చెయ్యి ఉండేలా పేర్లు నేనే వేస్తాను. నేను ఏమీ అమ్మను, బిల్లు పుస్తకం కూడా తేను. మీలో మీరు పెన్నులు మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, అందులో నాకు వాటా వద్దు.

ఇంకు బల్ల దగ్గర ఎవరూ తమ పెన్నులు నింపుకోకూడదు. రంగు చూడాలంటే గాజు పెన్నుతో ముంచి రాయండి, నీళ్ళలో ఒక్కసారి ఆడిస్తే శుభ్రమైపోతుంది. నచ్చితే 2 మిల్లీలీటర్ల చిన్న సీసాలో పోసిస్తాను, ఇంటికెళ్ళి నింపుకోండి. మెరుపు ఇంకులు విడిగా ఎర్ర ట్రేలో ఉంటాయి. పేర్లు సీసా ఒంటి మీద ఉంటాయి, ఇక ఆ మాట మళ్ళీ ఎత్తకండి.

ఒకరి పెన్ను ఇంకొకరు రాసి చూసే విషయంలో శనివారం ఒకటి రెండు చోట్ల నా గుండె ఆగినంత పనైంది. ఇచ్చేవాళ్ళు మూత తీసి ఇవ్వండి, మూత మీ చేతిలోనే ఉంచుకోండి. అప్పుడు పెన్ను మర్చిపోయి ఎవరి జేబులోకీ వెళ్ళదు. తీసుకున్నవాళ్ళు బాల్‌పెన్ను నొక్కినట్టు నొక్కకండి, మెత్తటి పాత బంగారు పాళీల్ని అసలు నొక్కకండి. కాగితం బల్ల మీద పెట్టే రాయండి, నిలబడి గాల్లో కాదు.

ఫీజు అదే. పోయినసారి వచ్చింది హాలు అద్దెకీ కాగితానికీ సరిపోయింది, ఇంకు ఖర్చు నాది. ఈసారీ అంతే అనుకుంటున్నాను. ఆ పెద్దాయన దగ్గరా, పాళీ పాడైన కస్టమర్ దగ్గరా ఫీజు తీసుకోను.

చివరిగా ఒక సంగతి. ఆదివారం సాయంత్రం హాలు ఊడుస్తుంటే కుర్చీ కింద ఒక నల్ల మూత దొరికింది. క్లిప్పు బంగారు రంగు, చివర చిన్న గీత. లోపల ఇంకా వంకాయరంగు ఇంకు మరక ఉంది. ఐదు రోజులైంది, ఎవరూ అడగలేదు. మీలో ఎవరి పెన్నో మూత లేకుండా ఎండిపోతోంది, ఒకసారి మీ పెన్నుల పెట్టె తెరిచి చూసుకోండి.