మహిళా నాయకత్వం: వేదిక దిగాక ఏం చేశారు?

సంపాదక మహాశయా,

మహిళలు నాయకత్వంలోకి రావాలని కంపెనీ పెద్దలు వేదికలెక్కి చెప్పడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ మాటను ఊకదంపుడుగా మిగల్చని వారిలో బ్రిటన్‌కు చెందిన హెలెనా మోరిసీ ఒకరు. పెట్టుబడుల సంస్థకు సీఈఓగా ఉంటూనే కంపెనీల డైరెక్టర్ల బోర్డుల్లో స్త్రీలు కనీసం 30 శాతం ఉండాలంటూ 2010లో ఆమె ‘30 శాతం క్లబ్’ ప్రారంభించారు. అప్పట్లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీలోని 100 అగ్రశ్రేణి కంపెనీల బోర్డుల్లో స్త్రీలు ఎనిమిదో వంతు మాత్రమే. ఆమె సభ్యులుగా చేర్చుకున్నది ఆ బోర్డుల చైర్మన్లను. దాదాపు అందరూ మగవారే. డైరెక్టర్ల ఎంపికలో వారి మాటే చెల్లుతుంది మరి! 2018 నాటికి అనుకున్న 30 శాతం నెరవేరింది. (ఆమె గురించి రాసేవారు మాత్రం తొమ్మిదిమంది పిల్లల సంగతి తప్పక ప్రస్తావిస్తారు. మగ సీఈఓని పిల్లలెందరని ఎవరైనా అడుగుతారా?)

నార్వేది మరో దారి. 2003లో చట్టం చేసి బోర్డుల్లో 40 శాతం స్థానాలు తప్పనిసరి చేసింది. మోరిసీ కోటాలను వ్యతిరేకించారు. నాకు మాత్రం చట్టమే మేలనిపిస్తుంది.

అయితే బోర్డులో కుర్చీ వేరు, కంపెనీని నడిపే పదవి వేరు. బ్రిటన్‌లోని ఆ 100 కంపెనీల్లో మహిళా సీఈఓలు ఇటీవలి వరకూ పదిమందికి అటూ ఇటూగానే ఉన్నారు. సీఈఓ పదవికి దారి లాభనష్టాల బాధ్యత ఉండే అమ్మకాలు, ఉత్పత్తి వంటి విభాగాల మీదుగా వెళ్తుంది. స్త్రీలకు ఎక్కువగా దక్కేవి మానవ వనరులు, ప్రచారం. పదోన్నతి జాబితా తయారయ్యే గదిలో ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

మహిళా దినోత్సవం నాడు ప్రసంగించే ప్రతి సీఈఓనూ మీ విలేకరులు ఒక్కటే అడగాలి: గత ఏడాది లాభనష్టాల బాధ్యత ఉండే విభాగాలకు అధిపతులుగా ఎందరు స్త్రీలను నియమించారు? జవాబును ఆ ప్రసంగం పక్కనే అచ్చు వేయండి.

- ఒక పాఠకురాలు