దారి మింగేసిన గోడ

సంపాదకులు గారికి నమస్కారం.

మధురవాడ, కొమ్మాది వైపు గేటెడ్ కాలనీలు వచ్చాక విశాఖ రూపే మారిపోయిందని పోయిన ఆదివారం మీ పేపర్లో రాశారు. మారింది, కాదనను. గోడకి ఇవతల ఉన్నవాళ్ల సంగతి కూడా రెండు ముక్కలు రాయాల్సింది.

మా పేట నుంచి హైవే సర్వీసు రోడ్డుకి ఒకప్పుడు 5 నిమిషాల నడక. జీడితోట పక్కన బండి దారి ఉండేది. తోట ప్లాట్లయింది, చుట్టూ గోడ లేచింది, దారి లోపలికి పోయింది. ఇప్పుడు గెడ్డ (వాగు) చుట్టూ తిరిగితే 25 నిమిషాలు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితమని మా కోడలు ఎంతో సంతోషపడింది. తీరా 222 బస్సు అందుకోవడానికే రోజూ ఆటోకి 20 రూపాయలు పోస్తోంది.

మొన్న వానలో చేపలమ్మే ముసలామె నెత్తిన గంపతో ఆ కాలనీ గేటు ముందు నిలబడింది. గంపలోంచి నీళ్లు భుజం మీదకి కారుతున్నాయి. లోపలివాళ్లు ఫోన్ చేస్తేనే పంపుతానన్నాడు వాచ్‌మన్. అతన్నేం అంటాం? చెప్పింది చేస్తాడు. కానీ గోడ పుట్టకముందు నుంచీ ఆమె ఆ దారినే వస్తోంది.

అదే కాలనీ బోర్డు మీద భోగాపురం ఎయిర్‌పోర్టుకి ఇన్ని నిమిషాలు, రుషికొండ బీచ్‌కి ఇన్ని నిమిషాలు అని పెద్ద అక్షరాలు. ఆ రోడ్లన్నీ జనం డబ్బుతో వేసినవే. వాటిని చూపించి ఇళ్లు అమ్ముకుంటారు, పక్క పేటకి కాలిబాట వదలరు. లేఔట్ వేసినప్పుడు రోడ్లు, 10 శాతం ఖాళీ స్థలం స్థానిక సంస్థకి రాసివ్వాలి కదా! రాసిచ్చిన రోడ్డు మీద గేటేమిటి? అడగాల్సిన ఆఫీసర్లు అడగరు. రెండు సోమవారాలు అర్జీ పట్టుకుని తిరిగాం. ఒకచోట మా పరిధి కాదన్నారు, ఇంకోచోట ఫైలు పైకి వెళ్లిందన్నారు. ఊరు గురించి పట్టించుకునే ఉద్యోగులే కరువయ్యారు. రేపు స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34 కిలోమీటర్ల మెట్రో అంటున్నారు. స్టేషన్ దాకా మేం ఎటునుంచి నడవాలి?

దొంగల భయం వాళ్లకీ ఉంటుంది, గోడ పడగొట్టమని అడగడం లేదు. పాత దారి ఉన్నచోట మనిషి పట్టేంత చిన్న గేటు పెట్టి, పొద్దున 5 నుంచి రాత్రి 9 దాకా తెరిచి ఉంచితే చాలు. ముందు సర్వేయర్‌ని పంపి ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే వాళ్ల భూమి కొలతల పుస్తకంలో, ఆ బండి దారి ఉందో లేదో చూడమనండి.

– ఒక పాఠకుడు, కొమ్మాది, విశాఖపట్నం