ప్రహరీ దాటితే ఎవరి బాధ్యత?

సంపాదకుడు గారికి,

గతవారం మీ పత్రికలో రైల్వే స్టేషన్ల పునరాభివృద్ధి మీద వచ్చిన వ్యాసం చదివాను. రంగుల బొమ్మలు బాగున్నాయి. అద్దాల గోడలు, చెట్లు, తీరిగ్గా నడుస్తున్న జనం. ఒక్కరి చేతిలోనూ సూట్‌కేసు లేదు, చంకలో బిడ్డ లేదు. అంటే రైలెక్కేవాళ్లు తప్ప అందరూ ఉన్నారన్నమాట!

నా గొడవ ఒక్కటే. ఈ ప్లాన్లన్నీ ప్రహరీ గోడ దగ్గరే ఎందుకు ఆగిపోతాయి? లోపల ఎస్కలేటర్ ఎక్కిస్తారు, ఏసీలో కూర్చోబెడతారు. గేటు దాటగానే మనిషిని ట్రాఫిక్‌లోకి తోసేస్తారు. ఫుట్‌పాత్ ఉండదు, ఉన్నా దాని మీద బళ్లు నిలిపి ఉంటాయి. బస్టాపు ఎక్కడో ఉంటుంది. అడిగితే రైల్వేవాళ్లు రోడ్డు మున్సిపాలిటీది అంటారు, మున్సిపాలిటీవాళ్లు స్థలం రైల్వేది అంటారు. షాపుల అద్దెల దగ్గర మాత్రం ఈ అయోమయం ఉండదు, ఎవరి వాటా ఎంతో అందరికీ నోటికొచ్చు.

చెయ్యలేని పనేమీ కాదిది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పెట్టుకునే చోటు 2019 నాటికి పూర్తిచేశారు. పక్కనే రోడ్డు కోసం ఎప్పుడో పూడ్చేసిన కాలువను మళ్లీ తవ్వి 2020లో నీళ్లు నింపారు. టోక్యోలో 1914 నాటి ఇటుకల స్టేషన్‌ని కూల్చలేదు. దాని మీద అంతస్తులు వేసుకునే హక్కును చుట్టుపక్కల టవర్లకు అమ్మి (ఆ మేరకు అవి ఎత్తు పెంచుకోవచ్చు), ఆ డబ్బుతో 2012లో పాత రూపం తెచ్చారు. పాత గోడ కనబడితే చాలు, బుల్డోజర్ తప్ప ఇంకేమీ తోచని ఇంజనీర్లు ఇది కాస్త చదవాలి. 1963లో న్యూయార్క్‌లో పెన్ స్టేషన్ కూల్చివేత మొదలుపెట్టాక రేగిన ఆగ్రహంతోనే, 1965లో అక్కడ పాత కట్టడాల రక్షణకు చట్టం వచ్చింది. స్టేషన్ మాత్రం పోయింది.

ఇక జనాన్ని అడగడం సంగతి. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పట్టాలు భూమి కిందికి దించి, పైన ఖాళీ అయ్యే స్థలంలో కొత్త పేట కడతామని 2010లో పనులు మొదలుపెట్టారు. అదే ఏడాది నిరసనకారుల మీద వాటర్ క్యానన్లు ప్రయోగించారు. 2019లో తెరవాల్సింది, తెరవలేదు. ఖర్చు మాత్రం రెట్టింపు దాటింది. అయినా ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఇప్పటికీ మన అధికారులకు ఓ సంతకాల తంతే. పనిదినం పొద్దున పదకొండు గంటలకు పెడతారు, ఉద్యోగాలు మానుకుని ఎవరొస్తారు? వచ్చినవాళ్లు చెప్పింది సమావేశం మినిట్స్‌లో కనపడదు.

గేటు నుంచి బస్టాపు దాకా ఉన్న ఆ కాస్త దారి ఏ శాఖదో ముందు రాతపూర్వకంగా తేల్చండి. శంకుస్థాపనలు తర్వాత పెట్టుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు