ఆ లారీ డ్రైవరు గారికి

మూడు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి. బైకు యాక్సిడెంట్ సంగతి తెలిసి అడుగుతున్న అందరికీ ఒకేసారి చెబుతున్నాను: మా వాడు బాగున్నాడు. ఎడమ తొడ ఎముకకి రాడ్ వేశారు, రెండు పక్కటెముకలు చిట్లాయి. తలకి స్కాన్ తీశారు, ఏమీ లేదన్నారు. ఆ మాట కోసం ఎంతసేపు గోడకానుకుని నిలబడ్డానో నాకే తెలీదు.

మా వారు, తమ్ముడు, ఆడపడుచు అందరూ తిరిగారు. వాళ్లకి థాంక్స్ చెబితే నన్నే తిడతారు.

నేను చెప్పుకోవాల్సింది ఒక లారీ డ్రైవరు గారికి. పేరు తెలీదు, మొహం చూడలేదు. గొంతు ఒక్కటే విన్నాను. వాడి ఫోన్ నుంచే చేసి, "అమ్మా, మీవాడు మాట్లాడుతున్నాడు, ముందు అది వినండి" అని ఫోను వాడి దగ్గర పెట్టారు. ఏం జరిగింది, ఎక్కడ అన్నవి తర్వాతే. వాడు బండి కొన్న రోజు నుంచీ తెలియని గొంతుతో ఫోన్ వస్తుందేమోనని భయపడ్డదాన్ని. ఆ గొంతు ఇలా మొదలుపెడుతుందని ఏనాడూ అనుకోలేదు.

మిగతాది వాడూ ఆంబులెన్స్ వాళ్లూ చెప్పారు. వాడు పడింది మలుపులో. వెనక వచ్చే బళ్లకి కనబడడని ఆయన లారీని అడ్డం పెట్టి లైట్లు వేశారట. జనం హెల్మెట్ లాగబోతే, నీళ్లు తాగించబోతే, ముట్టుకోవద్దని అరిచారట. మెడకి దెబ్బ ఉంటే ఆ లాగుడుకే ఒళ్లు చచ్చుబడొచ్చని తర్వాత డాక్టరు చెబితే నా కాళ్లు చల్లబడ్డాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో వాడి తల కదలకుండా పట్టుకుని, ఆంబులెన్స్ వచ్చేదాకా అలాగే ఉన్నారు. మగతలోకి జారకుండా పదిహేడో ఎక్కం చెప్పమన్నారట! "మామూలప్పుడే రాదు కదమ్మా" అంటాడు వీడు. ఇవన్నీ ఎలా తెలుసంటే, "ట్రైనింగ్‌లో సగం నిద్రపోయా, ఈ ముక్క చెవిన పడింది" అన్నారట. అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది.

హెల్మెట్ నా కుర్చీ కింద కవర్లో ఉంది. పైన గీతలే. లోపల ఎడమవైపు థర్మాకోల్ మాత్రం బొటనవేలు పట్టేంత నొక్కుకుపోయింది. తలకి తగలాల్సింది అది తీసుకుందట, ఇక వాడకూడదన్నారు. ఆ రోజు గేటు దగ్గర పోట్లాడి మరీ స్ట్రాప్ పెట్టించాను. లేకపోతే పడగానే ఊడిపోయేది.

పిల్లల స్పీడునే అంటారు అందరూ, నేనూ అన్నాను. కానీ పైపు కోసం తవ్వి, కంకర రోడ్డు మీదే వదిలేశారు. ఒక బోర్డు లేదు, రిఫ్లెక్టర్ లేదు. కంకర మీద బ్రేకు వేస్తే ముందు చక్రం జారక ఏం చేస్తుంది? మర్నాడు మా వారు వెళ్లేసరికి రెండు డ్రమ్ములు, ఎర్ర రిబ్బను కట్టి ఉన్నాయట. ఒక్కరోజు ముందు ఆ రిబ్బను దొరకలేదు కాబోలు! 5 నుంచి 29 ఏళ్ల లోపు వాళ్లని అన్నిటికన్నా ఎక్కువగా చంపేది రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తెల్లవారుజామున ఐసీయూ బయట చదవాల్సిన విషయం కాదు, చదివాను.

అయ్యో, వాడికి రక్తమిచ్చిన ఇద్దరు స్నేహితులని మర్చిపోయాను. చార్జరు ఇచ్చిన నైట్ డ్యూటీ ఆయమ్మని కూడా.

ఇంకొకటి ఇప్పుడే తట్టింది. ఆయన చేతులు రెండూ వాడి తల దగ్గరే ఉంటే ఫోను ఎవరు పట్టుకున్నట్టు? వాడిని లేపి అడిగాను. స్కూలు బ్యాగుతో ఉన్న ఒక అమ్మాయట, చేతులు వణుకుతున్నాయట. తల్లీ, నీకు కూడా.