బ్రిటన్ యాత్రలో నాటకానికీ చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో పిల్లలను చూడడానికి బ్రిటన్ వెళ్లే మన తెలుగు పెద్దలు కోటలు, రాజప్రాసాదాలు చూసి వస్తున్నారే గాని, అక్కడి రంగస్థలాన్ని చూడకుండా తిరిగిరావడం నన్ను బాధిస్తున్నది. లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున పునర్నిర్మితమై 1997లో ప్రారంభమైన షేక్‌స్పియర్ గ్లోబ్ నాటకశాలలో, వేదిక ముందున్న ఆరుబయలు ప్రాంగణంలో సుమారు 700 మంది నిలబడి, కూర్చునేవారికంటే చాలా తక్కువ ధరకు నాటకం చూడవచ్చు. వాన పడినా గొడుగు విప్పనివ్వరు కనుక వానకోటు వెంట ఉంచుకోవాలి. గంటల తరబడి నిలబడలేనివారు గ్యాలరీలో బల్లపై చోటు తీసుకోవడం మంచిది. నటుడు చేతికందే దూరంలో నిలిచి ప్రేక్షకుల కళ్లలోకి చూస్తూ మాట్లాడడం, వీధినాటకాలు చూసి పెరిగినవారికి, భాష సగమే అర్థమైనా, ఎంతో ఆత్మీయంగా తోస్తుంది. ముందుగా కథ చదువుకొని వెళ్లాలి, అంతే.

లండన్‌లో పెద్ద నాటకశాలలుండే వెస్ట్ ఎండ్ ప్రాంతపు నాటకాలకు లెస్టర్ స్క్వేర్‌లోని టీకేటీఎస్ కేంద్రంలో తగ్గింపు ధరకు టికెట్లు దొరుకుతాయి. ఆగస్టులో వెళ్లేవారు 1947లో మొదలైన స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో ఫ్రింజ్ అనే నాటక, కళల ఉత్సవాన్ని కూడా చూడవచ్చు, అయితే బస నెలల ముందే కుదుర్చుకోవాలి. ఇటువంటి వివరాలను మీ ఆదివారం అనుబంధంలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక నాటకాభిమాని, తెనాలి