ఒడ్డున వాలిన సీగల్ గుంపును లేపవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఈ జనవరిలో ఒక ఆదివారం మేము నలుగురం అరుదైన సీగల్ పక్షులను వెతుకుతూ తెల్లవారకముందే కాకినాడ తీరానికి చేరుకున్నాము. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు కోరింగ మడ అడవుల వైపు బురద నేల చాలా దూరం బయటపడుతుంది. మేము వెళ్లేసరికి దాని మీద వందల సీగల్‌లు గాలికి ఎదురుగా ముక్కులు పెట్టి వాలి ఉన్నాయి. వాటిలో అత్యధికం మన తీరానికి ఏటా వచ్చే గోధుమరంగు తల సీగల్‌లే. పేరు అలా ఉన్నా చలికాలంలో వాటి తల తెల్లగానే ఉంటుంది. పసిపిల్ల బుగ్గన పెట్టిన దిష్టిచుక్కలా కంటి వెనుక ఒక నల్లని మచ్చ మాత్రం మిగులుతుంది.

రెండు పల్లాస్ సీగల్‌లు వెంటనే కనిపించాయి. రెక్కలు చాపితే మీటరున్నర దాకా ఉండే ఈ పక్షి పసుపు ముక్కుకు కొన దగ్గర నల్లని పట్టీ, ఆ పైన ఎరుపు ఉంటాయి కనుక దాన్ని గుర్తించడం కష్టం కాదు. అసలు కష్టం సన్నముక్కు సీగల్‌తోనే. దానికి దిష్టిచుక్క ఉండదు, ఉన్నా చాలా లేతగా ఉంటుంది. మెడ కాస్త పొడవు, నుదురు ముక్కు మీదికి ఏటవాలుగా దిగుతుంది. ఇవన్నీ నిలబడి ఉన్న పక్షిలో నిదానంగా చూసి, ఆ తరువాత అది ఎగిరినప్పుడు రెక్క కొసలోని నలుపు తెలుపులను కూడా సరిచూసుకుంటే తప్ప అదేనని చెప్పలేము. గుంపు చివర అలాంటి పక్షి ఒకటి ఉన్నట్టు మాకు తోచింది. టెలిస్కోపును దాని మీదికి తిప్పి ఒక నిమిషమైనా గడవక ముందే ఇద్దరు యువకులు తడి ఇసుక మీదుగా మోటారుసైకిలును నేరుగా గుంపులోకి నడిపారు. మూడో అతను ఒడ్డున నిలబడి సెల్‌ఫోనులో వీడియో తీశాడు. పక్షులన్నీ ఒక్కసారిగా లేచి సముద్రం మీదికి వెళ్లిపోయాయి. అనుమానం తీరని పక్షిని లెక్కలో రాయకూడదు కాబట్టి మేము దాని పేరు రాయలేదు.

మా పుస్తకంలో ఒక పేరు తగ్గిందని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. గోధుమరంగు తల సీగల్‌లు లడఖ్‌లోని సో మొరీరి వంటి ఎత్తయిన సరస్సుల దగ్గర, టిబెట్ పీఠభూమిలో గుడ్లు పెట్టి, చలికాలం గడపడానికి ఇక్కడికి వస్తాయి. వేసవి మొదలయ్యే వేళ హిమాలయాలు దాటి తిరిగి వెళ్లడానికి కావలసిన కొవ్వును అవి ఇక్కడే కూడబెట్టుకోవాలి. తిని విశ్రాంతి తీసుకోవలసిన సమయంలో వాటిని పదేపదే లేపితే ఆ కొవ్వే కరిగిపోతుంది. చంబల్ వంటి నదుల ఇసుక తిన్నెల మీద పొదిగే ఇండియన్ స్కిమ్మర్ కూడా కాకినాడ తీరంలోనే చలికాలం గడుపుతుంది. కింది ముక్కు పై ముక్కు కన్నా పొడవుగా ఉండే ఆ పక్షి ప్రపంచంలోనే కొద్ది వేలు మిగిలింది.

1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం లోపల ఈ పక్షులకు రక్షణ ఉంది. మేము నిలబడిన చోటు దాని హద్దుకు బయట ఉంది. నవంబరు నుంచి మార్చి వరకు అలాంటి చోట్ల బురద మీదికి వాహనాలు దిగకుండా అడ్డు పెట్టాలని, రోడ్డు తీరాన్ని కలిసే చోట పక్షుల బొమ్మలతో తెలుగులో బోర్డులు నిలపాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మత్స్యకారుల రాకపోకలను ఆపమని మాత్రం నేను అడగడం లేదు. ఆ ఉదయమే, మోటారుసైకిలు రాకముందు, ఒక పెద్దాయన వల భుజాన వేసుకుని ఆ గుంపు పక్క నుంచే వేటకు వెళ్లారు. ఆయన తన దారిన నెమ్మదిగా నడిచారు. దగ్గరగా ఉన్న పక్షులు పది అడుగులు పక్కకు జరిగి దారి ఇచ్చాయి, ఒక్కటి కూడా రెక్క విప్పలేదు.

ఇట్లు,
ఒక పక్షి పరిశీలకుడు,
కాకినాడ