మధ్యాహ్నం కూడా మన మందిరం తలుపులు తెరిచే ఉంచుదాం: విరాళాల కోసం విజ్ఞప్తి

మందిరానికి వచ్చే పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, చుట్టుపక్కల ఇళ్ల వారందరికీ కమిటీ నమస్కారాలు.

పోయిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి ముందుగా చెప్పాలి. పార్సిళ్లు అందించే ఒక కుర్రాడు తల పట్టుకుని మన మెట్ల మీద నీడలో కూలబడ్డాడు. వాంతి చేసుకున్నాడు. పేరు అడిగితే తడబడ్డాడు. అప్పటికే ఉదయం ప్రార్థన ముగిసి తలుపులకు తాళం పడింది. తాళంచెవి ఉన్న మనిషిని పిలిపించి తలుపు తీసేసరికి పావుగంట దాటింది. లోపల చల్లటి నేల, మంచినీళ్లు, ఫ్యాన్లు అన్నీ ఉన్నాయి. బయట ఆ పిల్లవాడి ఒళ్లు కాలిపోతోంది. దారిన పోతున్న ఒకావిడ తన సీసాలో నీళ్లు వాడి మెడ మీద, ఛాతీ మీద పోసి కొంగుతో విసిరింది. దేవుడి దయవల్ల కోలుకున్నాడు. కానీ ఆ తాళం వేసింది మేమే. ఆ మాట కమిటీలో ఎవరికీ మరుపు రావడం లేదు.

ఆ పావుగంట ఎంత విలువైనదో తర్వాత డాక్టర్లను అడిగి తెలుసుకున్నాం. ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటి మనిషి తికమకపడుతున్నాడంటే అది వడదెబ్బ. మెదడు, మూత్రపిండాలు, గుండె ఒకదాని వెంట ఒకటి దెబ్బతినడం మొదలవుతుంది. అరగంటలోపు ఒళ్లు చల్లబరచగలిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ. అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి, కానీ అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరాలి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

వడదెబ్బ అనగానే మనకు ఎండలో పనిచేసేవారే గుర్తొస్తారు. వారి ప్రమాదం నిజమే. అయితే ఇంట్లోనే ఉండి, ఎవరికీ తెలియకుండా పోయేవారి సంగతి మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది. 2021 వేసవిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వచ్చిన వడగాలులకు 619 మంది చనిపోయారు. వారిలో నూటికి 98 మంది చనిపోయింది నాలుగు గోడల మధ్యే. సగం మందికి పైగా ఒంటరిగా ఉంటున్నవారు. ఎక్కువమంది 70 ఏళ్లు దాటిన పెద్దలు. 1995 జూలైలో షికాగోలో కొద్ది రోజుల్లోనే 700 మందికి పైగా ప్రాణాలు పోయినప్పుడు కూడా ఇదే కనిపించింది. ఇరుగుపొరుగు ఒకరి యోగక్షేమాలు ఒకరు చూసుకునే పేటల్లో, పేదరికం ఉన్నా, చావులు తక్కువ. తలుపు తట్టేవారు లేనిచోట ఎక్కువ. మనలాంటి మందిరానికి ఇంతకన్నా పెద్ద పిలుపు ఏముంటుంది?

ఎండలు ఎప్పుడూ ఉన్నవే కదా, ఇప్పుడే ఎందుకీ హడావుడి అని కొందరు అడిగారు. బొగ్గు, పెట్రోలు, గ్యాస్ కాల్చడం వల్ల గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్ భూమి వేడిని బయటికి పోనివ్వడం లేదు. ఇప్పటిదాకా నమోదైన సంవత్సరాలన్నిటిలోకీ 2024 అత్యంత వేడి సంవత్సరం. పరిశ్రమల యుగానికి ముందున్న సగటు కన్నా అది దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క. ఒకటిన్నర డిగ్రీ అంటే చిన్నదిగా వినిపిస్తుంది. కానీ అది భూమి మొత్తం సగటు. సగటు కాస్త జరిగితే చాలు, ఒకప్పుడు అరుదుగా వచ్చిన వడగాలులు తరచూ వస్తాయి, వచ్చినవి త్వరగా పోవు. రాత్రులు కూడా చల్లబడటం లేదు. పగలంతా అలసిన గుండెకు రాత్రి కాస్త విశ్రాంతి దొరకాలి. కాంక్రీటు, తారు పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా వదులుతుంటే ఆ విశ్రాంతి దొరకదు. గాలిలో తేమ ఎక్కువైతే ఇంకా కష్టం. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, ఉక్కలో అది ఆరదు.

అందుకే కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. ఎండలు ముదిరిన రోజుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా మన హాలు తెరిచే ఉంటుంది. ఏ మతం, ఏ పని, ఏ ఊరు అని ఎవరినీ అడగం. వచ్చి కూర్చోవచ్చు, పడుకోవచ్చు, నీళ్లు తాగి వెళ్లవచ్చు. ముఖద్వారం పనికని ఏళ్లుగా కూడబెట్టిన నిధిని దీనికి మళ్లిస్తున్నాం. ఆ ద్వారం కోసం ఎదురుచూసిన పెద్దలు కొందరు బాధపడ్డారు, వారి బాధ మాకు అర్థమవుతుంది. అయినా ద్వారం ఆగగలదు, ఒంటరిగా ఉన్న ముసలి ప్రాణం ఆగలేదు. ఆ నిధి ఒక్కటే చాలదు కాబట్టి మీ ముందు చేయి చాస్తున్నాం.

మొదటి పని పైకప్పు. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేయించాలి. 2013లో వడగాలుల కార్యాచరణ ప్రణాళిక మొదలుపెట్టిన అహ్మదాబాద్ నగరం తర్వాతి ఏళ్లలో పేదల ఇళ్ల కప్పులకు ఇలాగే తెల్ల పూత వేయించింది. ఖర్చు తక్కువ, కరెంటు అక్కర్లేదు. నేరుగా ఏసీలు పెట్టించేస్తే పోలేదా అన్నవారూ ఉన్నారు. హాలంతటికీ ఏసీ అంటే బిల్లు భారం, పైగా లోపలి వేడి తీసి వీధిలోకే వదులుతుంది. కానీ ఫ్యాన్లతోనే సరిపెట్టలేం. గాలి వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ ఒంటికి ఇంకా వేడినే తగిలిస్తుంది. అందుకని లోపలి చిన్న గదికి మాత్రం ఏసీ పెట్టి, గుండెజబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, పసిపిల్లలకు కేటాయిస్తాం. వేడి పెరిగినప్పుడే కరెంటు వాడకం పెరిగి సరఫరా ఆగిపోతుంటుంది కాబట్టి కప్పు మీద సోలార్ పలకలు, కింద బ్యాటరీలు కావాలి. ఖర్చులో పెద్ద వాటా వీటిదే. మిగతావి చిన్నవి: మంచినీళ్ల ఫిల్టరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, థర్మామీటర్లు, ఐస్‌కు ఒక ఫ్రిజ్, మడత మంచాలు.

డబ్బుతో జరగని పని ఒకటి ఉంది. మందిరం దాకా నడవలేనివారి దగ్గరకు మనమే వెళ్లాలి. ఒంటరిగా ఉండే పెద్దల జాబితా రాసుకుని, వడగాలుల రోజుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తట్టే వాలంటీర్లు కావాలి. నీళ్లు తాగారా, గది మరీ వేడెక్కిందా, మాట తేడాగా ఉందా అని చూడటమే పని. బీపీకి నీళ్ల మాత్రలు వేసుకునేవారిని, మానసిక సమస్యలకు మందులు వాడేవారిని మరింత జాగ్రత్తగా చూడాలి. కొన్ని మందులు ఒంట్లో నీరు తగ్గిస్తాయి, కొన్ని చెమట పట్టనివ్వవు. మందు మాత్రం ఎవరూ సొంతంగా మానకూడదు, డాక్టరునే అడగాలి.

ఎంత ఇవ్వాలో మేం చెప్పం. నెలనెలా కొద్దిగా ఇచ్చినా, ఒక సోలార్ పలక మొత్తం భరించినా, పూత వేయడానికి ఒక రోజు చెమటోడ్చినా కమిటీకి సమానమే. వైరింగ్ తెలిసినవారు, నర్సులు, తాపీ పనివారు తమ పనితనాన్నే విరాళంగా ఇవ్వవచ్చు. చేతికిచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. వచ్చినదీ ఖర్చయినదీ ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పెడతాం, ఎవరైనా అడిగితే బిల్లులు చూపిస్తాం. దాతల పేర్లతో ఫలకం వేయించడం లేదు. ఆ ఖర్చు కూడా కప్పుకే పోవాలని మా ఉద్దేశం.

పూత వేశాక ఆరడానికి పొడి రోజులు కావాలి, ఎండలు ముదిరాక కప్పు ఎక్కి పనిచేయడం మనుషులకు ప్రమాదం. కాబట్టి ఆ పని ముందే మొదలుపెట్టాలి. ఈ వారం ప్రార్థన తర్వాత కమిటీ సభ్యులు హాలు గుమ్మం దగ్గరే పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. విరాళంతో పాటు, మీ వీధిలో ఒంటరిగా ఉండేవారు ఎవరైనా ఉంటే వారిని అడిగి, ఒప్పుకుంటే వారి పేరు కూడా అందులో రాయించండి.

ఇట్లు,
మందిర కమిటీ సభ్యులు